బంతిని పట్టే రబ్బర్, పట్టనట్టుండే రబ్బర్

1952లో ప్రపంచ టేబుల్ టెన్నిస్ చాంపియన్‌షిప్ బొంబాయిలో జరిగింది. ఆసియా గడ్డ మీద ఆ పోటీలు జరగడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఈ ఆటలో యూరప్ వాళ్లదే పైచేయి. ఆ ఏడాది పురుషుల సింగిల్స్ ఫైనల్లో హంగరీ ఆటగాడు కోజియాన్‌ను ఓడించి కప్పు అందుకున్నది జపాన్‌కు చెందిన హిరోజి సాటో. ఆటను ఎంత మెచ్చుకున్నారో, అంతకంటే ఎక్కువగా అందరూ అతని చేతిలోని బ్యాట్ గురించి మాట్లాడుకున్నారు. దాని మీద మందపాటి స్పాంజ్ అతికించి ఉంది.

అంతకుముందు బ్యాట్ల మీద ఎక్కువగా ఉండేది చిన్న చిన్న బుడిపెలున్న పలచటి రబ్బర్. బంతి తగలగానే టక్‌మని చప్పుడు వచ్చేది. ఎదుటివాడు ఎంత గట్టిగా కొట్టాడో కంటికంటే ముందు చెవికి తెలిసేది. సాటో కొడితే చప్పుడు దాదాపు లేదు. బంతి స్పాంజ్‌లోకి దిగి, ఊహించని వేగంతో బయటికి వచ్చేది. ఏళ్ల తరబడి చెవిని నమ్ముకుని ఆడినవాళ్లకు ఏం జరుగుతోందో అంతుపట్టలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు స్పాంజ్‌ను ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ నడిచింది. చివరికి 1959లో ఒక నిర్ణయానికి వచ్చారు. ఉత్త స్పాంజ్‌తో ఆడటం నిషిద్ధం. స్పాంజ్ మీద రబ్బర్ పొర ఉండాలి, రెండూ జిగురుతో కలిపి 4 మిల్లీమీటర్లు మించకూడదు. ఈ 4 మిల్లీమీటర్ల నిబంధన ఇప్పటికీ మారలేదు. ఇన్ని రకాల ఆటతీర్లూ, ఇన్ని రకాల రబ్బర్లూ ఆ కాస్త మందంలోనే ఇమిడి ఉన్నాయి.

ఇప్పుడు ఆటగాళ్లు రబ్బర్ అని పిలిచేది నిజానికి రెండు పొరలు. పైన పలచటి టాప్‌షీట్. దానికి ఒకవైపు నున్నగా ఉంటుంది, రెండోవైపు వరసగా బుడిపెలు ఉంటాయి. కింద స్పాంజ్. నున్నటి వైపు బయటికి వచ్చేలా, బుడిపెలు స్పాంజ్‌కు ఆనేలా అతికిస్తే అది ఇన్వర్టెడ్ రబ్బర్. ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది దీనితోనే. బుడిపెలే బయటికి ఉంటే అది పింపుల్స్ రబ్బర్. అందులో మళ్లీ పొట్టి బుడిపెలవి, పొడవు బుడిపెలవి వేరు. ఇవి కాక నున్నగానే కనిపిస్తూ పట్టు దాదాపు లేకుండా ఉండే యాంటీ స్పిన్ రబ్బర్ ఒకటి ఉంది.

షాపులో రబ్బర్ కొనడానికి వెళ్తే ప్యాకెట్ మీద వేగం ఇంత, స్పిన్ ఇంత, కంట్రోల్ ఇంత అని మూడు అంకెలు కనిపిస్తాయి. స్పిన్ 11, వేగం 13 అని చదివి ఇదే మేలైన రబ్బర్ అనుకుంటాం. ఆ అంకెలు ఎవరి కంపెనీవి వాళ్లు వేసుకున్నవి. ఒకరి 11కూ ఇంకొకరి 11కూ పోలిక కుదరదు. అసలు చిక్కు అంతకన్నా లోతుగా ఉంది. వేగం, స్పిన్ అనేవి రబ్బర్‌లో నింపిపెట్టిన సరుకులు కావు. బంతి రబ్బర్‌ను తాకిన ఆ ఒక్క క్షణంలో ఏం జరిగిందన్న దాన్ని బట్టి పుట్టేవి. ఆ క్షణాన్ని అర్థం చేసుకుంటే ప్యాకెట్ మీది అంకెలతో పెద్దగా పని ఉండదు.

బంతి బరువు 2.7 గ్రాములు, వ్యాసం 40 మిల్లీమీటర్లు. అది రబ్బర్‌ను తాకి ఉండేది సుమారుగా సెకనులో వెయ్యో వంతు. కన్ను రెప్ప వేసే సమయంలో అలాంటి తాకిళ్లు వంద పైనే పట్టేస్తాయి. అంత తక్కువ సమయంలో బ్యాట్ బంతి మీద రెండు పనులు చేస్తుంది. ఒకటి, దాన్ని ఎదురుగా నెట్టడం. ఇది వేగం. రెండోది, దాని చర్మాన్ని ఒక పక్కకు లాగడం. ఇది స్పిన్. చెయ్యి ఊపిన బలం ఒక్కటే. అది ఈ రెండు పనులకూ పంచుకోవాలి. బ్యాట్‌ను బంతికి ఎదురుగా తీసుకెళ్లి కొడితే బలమంతా వేగానికి పోతుంది. బంతి అంచును రాసుకుంటూ పైకి లాగితే స్పిన్‌కు పోతుంది. మంచి లూప్ షాట్ అంటే ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తెలిసిన షాట్. పేరున్న ఆటగాళ్లు లూప్ కొట్టినప్పుడు బంతి సెకనుకు 100 చుట్లకు పైగా తిరుగుతుంది.

అంత తిరిగే బంతి గాలిలో తిన్నగా పోదు. టాప్‌స్పిన్ ఉంటే బంతి పైభాగం ముందుకు తిరుగుతూ ఉంటుంది. దాంతో చుట్టూ ఉన్న గాలి దాన్ని కిందికి వంచుతుంది. అందుకే నెట్ మీదుగా ఎత్తుగా వెళ్లిన బంతి కూడా బల్ల చివర ఠక్కున దిగుతుంది. స్పిన్ లేకుండా అంతే వేగంతో కొడితే ఆ బంతి బల్ల దాటిపోయేది. వేగంగా కొట్టి కూడా బంతిని బల్ల మీద ఉంచగలిగేది స్పిన్ వల్లే. ఈ ఆటలో పట్టు ఉన్న రబ్బర్‌కు అంత గిరాకీ రావడానికి కారణం ఇదే.

పట్టు రెండు రకాలు

పట్టు అనగానే చాలామంది వేలితో రబ్బర్‌ను తడిమి చూస్తారు. బంతిని రబ్బర్‌కు నొక్కి, బ్యాట్‌ను తిరగేసి పైకెత్తి, బంతి అంటుకుని ఉంటే అబ్బో ఎంత పట్టు అంటారు. అది జిగట. చైనా రబ్బర్లలో చాలావాటికి ఈ గుణం ఉంటుంది. డబుల్ హ్యాపీనెస్ కంపెనీ వారి హరికేన్ 3 వీటిలో బాగా పేరున్నది. చైనా జాతీయ జట్టు ఆటగాళ్లు ఏళ్లుగా ఫోర్‌హ్యాండ్ వైపు వాడుతున్నది ఆ కుటుంబం రబ్బర్‌నే. చైనా చాంపియన్ మా లాంగ్ కొట్టే ఫోర్‌హ్యాండ్ చూసినవాళ్లందరూ దాని పని చూసినట్టే.

జపాన్, జర్మనీల్లో తయారయ్యే రబ్బర్లలో ఎక్కువ వాటికి బంతి అంటుకోదు. తిరగేస్తే వెంటనే జారి పడిపోతుంది. అయినా వాటితో కొట్టే స్పిన్ తక్కువేమీ కాదు. అక్కడ పట్టు వేరే దారిలో వస్తుంది. బంతి రాసుకుంటూ పోయేటప్పుడు టాప్‌షీట్ పక్కకు సాగుతుంది, కింద ఉన్న బుడిపెలు వంగుతాయి, స్పాంజ్ నొక్కుకుంటుంది. బంతి వదిలి వెళ్లే లోపే ఇవన్నీ తిరిగి తమ చోటికి వస్తూ బంతిని తిప్పుతూ పంపిస్తాయి. రబ్బరు బ్యాండును పక్కకు లాగి వదిలినట్టే. జిగట రబ్బర్ బంతిని పైపొరతోనే పట్టుకుంటుంది. సాగే రబ్బర్ బంతిని లోపలికి తీసుకుని పట్టుకుంటుంది.

ఈ తేడా ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది. జిగట రబ్బర్లకు మామూలుగా గట్టి స్పాంజ్ వేస్తారు. మెల్లగా, పలచగా రాసినా పైపొర పట్టు పనిచేస్తుంది కాబట్టి సర్వీసులో, నెట్ దగ్గర మెల్లగా తోసే పొట్టి పుష్‌లలో స్పిన్ బాగా వస్తుంది. బంతి అనవసరంగా ఎగరదు. కానీ వేగం కావాలంటే స్పాంజ్‌ను పనిచేయించాలి. గట్టి స్పాంజ్ కాబట్టి దాన్ని నొక్కాలంటే కాళ్లు, నడుము, భుజం అన్నీ కలిసిన పూర్తి ఊపు కావాలి. చైనా జట్టులో చిన్నప్పటి నుంచీ రోజుకు గంటల తరబడి చేసే సాధన ఆ ఊపును ఇస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు క్లబ్బులో ఆడే మనిషి అదే రబ్బర్ కొనుక్కుంటే బంతి బ్యాట్ మీద చచ్చినట్టుంటుంది. తప్పు రబ్బర్‌ది కాదు. దానికి కావలసిన బలం అందలేదంతే.

సాగే రబ్బర్ సగం ఊపుకే స్పందిస్తుంది. బ్యాక్‌హ్యాండ్‌లో చెయ్యి ఊపడానికి చోటు తక్కువ. అందుకే ఫోర్‌హ్యాండ్‌కు జిగట రబ్బర్ వాడే ఆటగాళ్లు కూడా చాలామంది బ్యాక్‌హ్యాండ్‌కు సాగే రకమే అతికించుకుంటారు. దీనికి ఇంకో వైపూ ఉంది. తనంతట తాను తన్నే గుణం ఉన్న రబ్బర్‌తో నెట్ దగ్గర బంతిని పొట్టిగా వేయడం కష్టం.

టాప్‌షీట్ అడుగున కనబడకుండా ఉండే బుడిపెల ప్రభావాన్ని చాలామంది పట్టించుకోరు. దానికి మంచి ఉదాహరణ బటర్‌ఫ్లై కంపెనీ టెనర్జీ రబ్బర్లు. టెనర్జీ 05, టెనర్జీ 64 రెండింటికీ స్పాంజ్ ఒకటే. తేడా అడుగు బుడిపెల అమరికలోనే. అయినా 05 బంతిని ఎత్తుగా, ఎక్కువ స్పిన్‌తో పంపుతుంది. 64తో బంతి ఇంకాస్త తిన్నగా, చురుగ్గా పోతుంది. బయటికి రెండూ ఒకేలా ఉండే నున్నటి రబ్బర్లు. బంతి ఎగిరే కోణాన్ని నిర్ణయించేది ఆ కనబడని బుడిపెలే.

పట్టుకు చెల్లించే వెల

ఇక్కడి నుంచి అసలు విషయం. మన రబ్బర్ బంతిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఎదుటివాడి స్పిన్ కూడా మన రబ్బర్ మీద అంతే గట్టిగా పనిచేస్తుంది. రబ్బర్‌కు మనవాడి స్పిన్, పరాయివాడి స్పిన్ అన్న తేడా తెలియదు.

గిరగిరా తిరుగుతున్న టైరును గోడకు తాకిస్తే ఏమవుతుందో ఊహించండి. గోడ గరుకుగా ఉంటే టైరు గోడ ఎక్కబోతుంది. నున్నటి గోడైతే అక్కడే జారుతుంది. టాప్‌స్పిన్‌తో వచ్చే బంతి ముందు భాగం కిందికి తిరుగుతూ ఉంటుంది. పట్టున్న రబ్బర్‌కు తగలగానే అది సరిగ్గా ఆ టైరులాగే పైకి ఎగబాకుతుంది. బ్యాట్‌ను కిందికి వంచకపోతే బంతి బల్ల దాటి ఎక్కడో పడుతుంది. బ్యాక్‌స్పిన్ అయితే దీనికి తలకిందులు. బంతి ముందు భాగం పైకి తిరుగుతూ ఉంటుంది కాబట్టి రబ్బర్‌ను తాకి కిందికి దిగి నెట్‌లో పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎదుటివాళ్ల సర్వీసులు తీయలేక సతమతమయ్యేది దీనివల్లే. ఖరీదైన, ఎక్కువ పట్టున్న రబ్బర్ కొంటే ఈ కష్టం తగ్గదు, పెరుగుతుంది.

కంట్రోల్ అనే మాటకు అర్థం కూడా ఇక్కడే దొరుకుతుంది. బ్యాట్ కోణంలో చిన్న పొరపాటు జరిగితే బంతి ఎంత పక్కకు పోతుంది అన్నదే కంట్రోల్. పట్టు ఎక్కువ, తన్నే గుణం ఎక్కువ ఉన్న రబ్బర్ మీద చిన్న పొరపాటు కూడా పెద్దదై కనిపిస్తుంది. తక్కువ పట్టు, తక్కువ వేగం ఉన్నదైతే అదే పొరపాటును సర్దుకుంటుంది. ప్యాకెట్ మీద వేగం అంకె పెద్దదైనప్పుడు కంట్రోల్ అంకె చిన్నదవడానికి కారణం ఇదే.

పట్టునే వదిలేసుకుంటే?

ఈ చిక్కుకు ఒక తలకిందుల పరిష్కారం లాంగ్ పింపుల్స్. దీని మీద పొడవాటి, సన్నటి బుడిపెలు బయటికి ఉంటాయి. బంతి తగలగానే అవి వంగిపోతాయి. దాంతో బంతికి గట్టి పట్టు దొరకదు, దాని తిరుగుడు చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతుంది. వచ్చిన స్పిన్ వచ్చినట్టే తిరిగి వెళ్తుంది. అయితే దిశ మారింది కాబట్టి దాని అర్థం మారిపోతుంది.

దీన్ని కాస్త ఓపికగా చూడాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమక పడతారు. చిన్నప్పుడు పాత సైకిల్ టైరును చేత్తో వెనక్కి తిప్పుతూ ముందుకు విసిరే ఆట గుర్తుందా? టైరు కాస్త దూరం ముందుకు పోయి, నేల పట్టు దొరకగానే మళ్లీ మన దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది. అది ముందుకు పోతున్నంతసేపూ తిరుగుతున్నది వెనక్కే. ఇప్పుడు బంతి సంగతి. ఎదుటివాడు టాప్‌స్పిన్ కొట్టాడు. బంతి పైభాగం మన వైపు తిరుగుతూ వస్తోంది. లాంగ్ పింపుల్స్‌కు తగిలి బంతి వెనక్కి బయలుదేరింది, కానీ తిరుగుడు మారలేదు. పైభాగం ఇంకా మన వైపే తిరుగుతోంది. ఎదుటివాడి వైపు పోతున్న బంతికి అలా తిరగడమంటే బ్యాక్‌స్పిన్. మన చెయ్యి కట్ చేసిందేమీ, అంటే బ్యాక్‌స్పిన్ ఇచ్చిందేమీ లేదు. ఎదుటివాడు కొట్టిన టాప్‌స్పిన్నే అతని దగ్గరికి బ్యాక్‌స్పిన్‌గా తిరిగి వెళ్లింది. అతనెంత గట్టిగా తిప్పితే అంత గట్టి బ్యాక్‌స్పిన్ అతనికే ఎదురవుతుంది.

అలాగే బ్యాక్‌స్పిన్ బంతిని లాంగ్ పింపుల్స్‌తో మామూలుగా పుష్ చేస్తే అది అవతలికి పలచటి టాప్‌స్పిన్‌తోనో, స్పిన్ లేకుండానో పోతుంది. చేతి కదలిక చూసి కట్ బంతి వస్తోందనుకున్న ఎదుటివాడు బ్యాట్ ముఖాన్ని పైకి తిప్పి పెడతాడు, బంతి పైకి లేచిపోతుంది. స్పిన్ లేని బంతి వేస్తే మాత్రం లాంగ్ పింపుల్స్ ఏమీ చేయలేవు, స్పిన్ లేకుండానే తిరిగి పంపుతాయి. వీటిని ఎదుర్కోవడం తెలిసినవాళ్లు అలాంటి బంతులు వేస్తూ, ఒకే చోటికి వేయకుండా కదిలిస్తూ ఆడతారు.

ఇన్వర్టెడ్ రబ్బర్‌తో ఎదుటివాడి టాప్‌స్పిన్‌కు తిరిగి టాప్‌స్పిన్ కొట్టడం ఎందుకంత కష్టమో కూడా ఇదే లెక్క చెబుతుంది. వచ్చిన తిరుగుడును ఆపాలి, ఆ పైన దాన్ని అటు తిప్పాలి. అదే బ్యాక్‌స్పిన్ బంతిని లూప్ చేస్తే తిరుగుడు దిశ మారక్కర్లేదు. ఉన్నదానికి కొంచెం కలిపితే చాలు. చాప్ బంతి, అంటే బ్యాక్‌స్పిన్‌తో కోసి పంపిన బంతి, మీద కొట్టిన లూప్‌లు అంత భారంగా ఉండటానికి కారణం ఇదే.

2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో మనికా బాత్రా ఆడిన ఆటను ఈ కంటితో చూడాలి. బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్‌తో ఆడే మనికా, అప్పుడు ప్రపంచ 4వ ర్యాంకులో ఉన్న సింగపూర్ క్రీడాకారిణి ఫెంగ్ తియాన్‌వేను టీమ్ ఫైనల్లోనూ, సింగిల్స్ సెమీఫైనల్లోనూ ఓడించింది. సింగిల్స్ స్వర్ణం గెలిచింది. 2024 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్‌లో అయ్హికా ముఖర్జీ, బ్యాక్‌హ్యాండ్ వైపు స్పిన్‌ను తికమక చేసే రబ్బర్‌తో ఆడుతూ అప్పటి ప్రపంచ నంబర్ వన్, చైనా క్రీడాకారిణి సున్ యింగ్షాను 3-1తో ఓడించింది. అదే పోరులో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ చైనాకే చెందిన వాంగ్ యిదిని ఓడించింది. చివరికి భారత్ 2-3తో ఓడిపోయినా, చైనా మహిళల జట్టును అంతగా వణికించడం మామూలు సంగతి కాదు.

ఇలాంటి విజయాలు వచ్చినప్పుడల్లా ఇది రబ్బర్ మాయ అనే మాట వినిపిస్తుంది. అది అన్యాయం. లాంగ్ పింపుల్స్‌తో వేగంగా కొట్టడం కష్టం, తనంతట తాను స్పిన్ పుట్టించడం అంతకన్నా కష్టం. ఎదుటివాడి పొరపాటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పై స్థాయిలో నెగ్గడం కుదరదు. ఆ రబ్బర్ తెచ్చిన తికమకను ఫోర్‌హ్యాండ్‌తో పాయింటుగా మార్చుకోవాలి, ఆటమధ్యలో బ్యాట్‌ను వేళ్ల మధ్య తిప్పి రెండు వైపులా ఆడాలి. చైనా దిగ్గజం డెంగ్ యాపింగ్ 1992, 1996 ఒలింపిక్స్ రెండింటిలోనూ సింగిల్స్, డబుల్స్ స్వర్ణాలు గెలిచింది బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్‌తోనే.

బ్యాట్‌కు ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉండటానికి కారణమూ ఈ రబ్బర్లే. ఒకప్పుడు రెండు వైపులా ఒకే రంగు రబ్బర్ వేసుకోవచ్చు. కొందరు ఆటగాళ్లు ఒకవైపు పట్టున్నది, ఇంకోవైపు పట్టు లేనిది ఒకే రంగులో అతికించి, బల్ల కింద బ్యాట్‌ను తిప్పేసి సర్వీస్ చేసేవాళ్లు. దేనితో కొట్టాడో ఎదుటివాడికి తెలిసేది కాదు. చప్పుడు తేడాను బట్టి పసిగట్టకుండా కాలితో నేల మీద గట్టిగా తన్నేవాళ్లు కూడా. పాయింట్లు ఆట లేకుండానే తేలిపోయేవి. 1986 నుంచి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉండాలని ఖాయం చేశారు. 2021 అక్టోబర్ నుంచి నలుపు అలాగే ఉంచి, రెండోవైపు ఎరుపుకు బదులు పచ్చ, నీలం, గులాబీ, ఊదా రంగులు కూడా రానిచ్చారు. ఆట మొదలయ్యే ముందు ఎదుటివారి బ్యాట్‌ను చేతిలోకి తీసుకుని చూసే హక్కు ప్రతి ఆటగాడికీ ఉంది. ఆ హక్కు వాడుకోకుండా ఓడిపోయి రబ్బర్‌ను తిట్టడంలో అర్థం లేదు.

అంతర్జాతీయ సమాఖ్య లాంగ్ పింపుల్స్‌ను కూడా ఇష్టం వచ్చినట్టు వదిలేయలేదు. బుడిపె ఎత్తు దాని వెడల్పుకు 1.1 రెట్లు దాటకూడదని హద్దు పెట్టింది. 2008లో అసలు పట్టే లేని రకాలను తీసేసి, ఇంత పట్టు ఉండి తీరాలన్న కనీస హద్దు పెట్టింది. దాంతో వాటి మీదే ఆధారపడ్డ డిఫెన్స్ ఆటగాళ్లు ఎంతోమంది తమ ఆటను మార్చుకోవాల్సి వచ్చింది.

పొట్టి బుడిపెల షార్ట్ పింపుల్స్ ఇన్వర్టెడ్ రబ్బర్‌కూ, లాంగ్ పింపుల్స్‌కూ మధ్యస్తం. ఎదుటి స్పిన్ ప్రభావం కాస్త తక్కువ, బంతి తొందరగా వదిలిపోతుంది, తిన్నగా, కిందుగా దూసుకుపోతుంది. సొంతంగా గట్టి స్పిన్ మాత్రం రాదు. బల్లకు దగ్గరగా నిలబడి చకచకా కొట్టేవాళ్లకు సరిపోతుంది. జపాన్ అమ్మాయి మిమా ఇటో బ్యాక్‌హ్యాండ్ వైపు వాడేది ఇదే. 2019 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లిన స్వీడన్ ఆటగాడు మటియాస్ ఫాల్క్ దీన్ని ఫోర్‌హ్యాండ్ వైపు వాడతాడు. నేటి పురుషుల ఆటలో అలాంటివాళ్లు అరుదు.

జిగురు కథ

1970ల నుంచి రబ్బర్ వేగానికి ఇంకో దారి దొరికింది. సైకిల్ పంక్చర్లకు వాడే జిగురు లాంటిదానితో రబ్బర్ అతికిస్తే, అందులోని ఆవిరయ్యే రసాయనాలు స్పాంజ్‌లోకి దిగి దాన్ని ఉబ్బిస్తాయని కొందరు యూరప్ ఆటగాళ్లు గమనించారు. ఉబ్బిన స్పాంజ్ టాప్‌షీట్‌ను బిగుతుగా సాగదీసి ఉంచుతుంది. అప్పటికే సాగి ఉన్న రబ్బర్ బంతిని ఇంకా చురుగ్గా తన్నుతుంది, ఇంకా ఎక్కువ తిప్పుతుంది. దీనికి స్పీడ్ గ్లూ అని పేరు వచ్చింది. ప్రభావం కొన్ని గంటలే కాబట్టి ప్రతి ఆటకు ముందూ రబ్బర్ పీకి, జిగురు రాసి, మళ్లీ అతికించేవాళ్లు. ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి హాని. చిన్నపిల్లలు కూడా మూసిన గదుల్లో ఆ పని చేస్తుంటే ఊరుకోవడం కుదరలేదు. 2008లో దాన్ని నిషేధించారు. ఆలస్యంగానైనా అది సరైన నిర్ణయం.

జిగురు చేసే పనిని ఫ్యాక్టరీలోనే చేసి పెట్టాలన్న ఆలోచనతో కంపెనీలు టాప్‌షీట్‌కూ, స్పాంజ్‌కూ తయారీలోనే బిగువు ఇవ్వడం ఎక్కువ చేశాయి. టెనర్జీ 05 మార్కెట్లోకి వచ్చింది సరిగ్గా ఆ 2008లోనే. 1960ల చివరి నుంచీ ఉన్న స్రైవర్, మార్క్ 5 లాంటి పాత రబ్బర్లతో పోలిస్తే ఈ తరం రబ్బర్లు వేగంలో, స్పిన్‌లో చాలా ముందుంటాయి. ధరలో కూడా. ఇప్పటికీ కొందరు బూస్టర్ అనే నూనె రాసి స్పాంజ్‌ను ఉబ్బించుకుంటారు. రబ్బర్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే వాడాలి, దాని గుణాన్ని మార్చే ఏ రసాయనమూ పూయకూడదు అన్నది నిబంధన. అది అందరూ పాటించడం లేదన్నది ఆటలో తరచూ వినిపించే బాధ. పాటించేవాళ్లకు అందులో నష్టమే.

బంతి కూడా మారింది. 2000లో 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. రెండుసార్లూ స్పిన్ కాస్త తగ్గింది. తగ్గిన దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కంపెనీలు ఇంకా గట్టి స్పాంజ్, ఇంకా పట్టున్న పైపొర వైపు వెళ్లాయి. రబ్బర్లు ఏటేటా ఎందుకు మారుతున్నాయంటే కారణం అమ్మకాలు ఒక్కటే కాదు, బంతి కూడా.

మందం, గట్టిదనం, తేమ

స్పాంజ్ మందం మామూలుగా 1.5 నుంచి 2.1 మిల్లీమీటర్లు, ఆ పైన మ్యాక్స్ అని ఉంటుంది. పలచటి స్పాంజ్‌తో బంతి తొందరగా చెక్కకు తగులుతుంది. వేగం తక్కువ, చేతికి తెలివిడి ఎక్కువ. మందపు స్పాంజ్‌లో బంతి లోతుగా దిగుతుంది, గట్టిగా కొడితే వేగం, స్పిన్ రెండూ పెరుగుతాయి. మెల్లగా కొట్టినప్పుడు ఆ లోతు అక్కరకు రాదు.

గట్టిదనం అంకె విషయంలో పెద్ద పొరపాట్లు జరుగుతుంటాయి. హరికేన్ 3 మీద 39, 40 అని ఉంటుంది. టెనర్జీ 05 స్పాంజ్ 36. జర్మనీ రబ్బర్ల మీద 45, 47.5, 50 అని కనిపిస్తాయి. వీటిని పక్కపక్కన పెట్టి జర్మన్ రబ్బర్ అన్నింటికన్నా గట్టిదనుకుంటే తప్పు. చైనా, జపాన్, జర్మనీ మూడూ వేరు వేరు కొలతలతో కొలుస్తాయి. నిజానికి ఆ మూడింటిలో 39 అని రాసి ఉన్న చైనా స్పాంజే చేతికి ఎక్కువ గట్టిగా తగులుతుంది.

వాతావరణం గురించి మన దగ్గర చెప్పుకోవలసింది చాలా ఉంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం సాయంత్రం ఏసీ లేని హాల్లో ఆడితే రబ్బర్ మీద కంటికి కనబడని తేమ పొర పేరుకుంటుంది. బంతి మీద కూడా. నిన్నటిదాకా బ్రహ్మాండంగా పట్టిన రబ్బర్ ఇవాళ జారుతుంది, లూప్‌లు నెట్‌లో పడతాయి. రబ్బర్ పాడైందని కంగారు పడి కొత్తది కొనేవాళ్లున్నారు. మెత్తటి పొడిగుడ్డతో ఆటమధ్యలో తుడుచుకుంటూ ఉంటే చాలావరకు సరిపోతుంది. తేమకు జిగట రబ్బర్లు ఇంకా ఎక్కువ ఇబ్బంది పడతాయి. వేసవిలో దుమ్ము వాటికి ఇంకో శత్రువు. ఆట అయ్యాక కొంచెం నీళ్లతో తడిపిన స్పాంజ్‌తో తుడిచి, ఆరనిచ్చి, పైన ప్లాస్టిక్ షీటు అంటించి బ్యాగులో పెడితే పట్టు ఎక్కువకాలం ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో బ్యాట్ వదిలేస్తే టాప్‌షీట్ గట్టిపడి జీవం పోతుంది.

అరిగిపోయిన రబ్బర్‌ను గుర్తుపట్టడం తేలిక. బ్యాట్ మధ్యలో, బంతి ఎక్కువగా తగిలే చోట మెరుపు పోయి తెల్లబారుతుంది. బంతిని అంచు దగ్గర, మధ్యలో మార్చి మార్చి రాసి చూస్తే పట్టు తేడా వేలికే తెలుస్తుంది.

పిల్లల విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. పిల్లవాడు అకాడమీలో చేరిన ఆరు నెలలకే ప్రపంచ చాంపియన్ వాడే మ్యాక్స్ మందం రబ్బర్ కొనిపెట్టే తల్లిదండ్రులు ఎక్కువవుతున్నారు. ప్రేమతోనే కొంటారు. కానీ అలాంటి రబ్బర్ మీద ఎదుటివాడి స్పిన్ గట్టిగా పనిచేస్తుంది, పొరపాటు పెద్దదవుతుంది, బంతి తనంతట తాను తన్నుకుపోతుంది. ఆ వేగాన్ని ఆపుకోవడానికి పిల్లవాడు ఊపును కుదించుకుంటాడు, మణికట్టును బిగబడతాడు. రెండేళ్ల తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి కోచ్‌కు ఇంకో రెండేళ్లు పడుతుంది. 1.8 మిల్లీమీటర్ల మందం, మధ్యస్తమైన గట్టిదనం, బంతిని బాగా పట్టినా ఎక్కువ తన్నని ఇన్వర్టెడ్ రబ్బర్ రెండు వైపులా, పూర్తిగా చెక్కతో చేసిన బ్లేడ్, అంటే రబ్బర్ అతికించే పలక, మీద వేయిస్తే సరిపోతుంది. లాంగ్ పింపుల్స్, జిగట రబ్బర్ లాంటివి ఆ తర్వాత, పిల్లల ఆటతీరు ఒక రూపానికి వచ్చాక, కోచ్ చూసి చెప్పినప్పుడు ఆలోచించవచ్చు. కొనే రబ్బర్ మీద, పిడికి దగ్గర అంతర్జాతీయ సమాఖ్య ముద్ర, కంపెనీ పేరు, రబ్బర్ పేరు ఉన్నాయో లేదో మాత్రం మొదటి రోజే చూసుకోవాలి. అవి లేకపోతే సమాఖ్య నిబంధనలు పాటించే టోర్నమెంట్లలో ఆ బ్యాట్‌తో ఆడనివ్వరు.